పసుపు ఐరిస్ కాడకు కత్తెర పెట్టకు

చి. సునందకు,

పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోయిందని కంగారుపడి ఏదో మందు కొడదామనుకుంటున్నావట. కొట్టకు. ఆ పువ్వు ఆయుష్షే ఒక్క పూట. కొన్నాళ్లకు అదే కాడకు ఇంకో మొగ్గ వస్తుంది, దాని తర్వాత మరొకటి. వాడిన పువ్వును గోటితో గిల్లెయ్యి, కాడ జోలికి మాత్రం వెళ్లకు. కుండీ కాస్త చిందరవందరగా కనబడితే చాలు, నీ చేతికి కత్తెర వచ్చేస్తుంది. ఈ మొక్క దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

పూలు అయిపోయాక ఆ కాడ చివరే పిల్ల పుడుతుంది. చిన్న విసనకర్రలా విచ్చుకున్న ఆకులు ముందు కనిపిస్తాయి. వాటి మొదలు పట్టుకుని చూడు, తెల్లటి బుడిపెలు ఉంటాయి. అవి వేళ్లు. పిల్ల బరువుకు కాడ వంగుతుంది, మట్టి తగిలిన చోట పిల్ల నాటుకుంటుంది. దీన్ని వాకింగ్ ఐరిస్ అని పిలిచేది అందుకే. మీ బాల్కనీలో నేల లేదు కాబట్టి పక్కన చిన్న కుండీ పెట్టి, కాడను వంచి, జడపిన్నుతో మట్టికి అదిమిపెట్టు. కొన్ని వారాలయ్యాక పిల్లను మెల్లగా పైకి లాగి చూడు. లేచి రాకపోతే వేరు పట్టినట్టే. తల్లి నుంచి అప్పుడు వేరుచెయ్యి.

ఇది ట్రైమీజియా అనే రకం. కుంకుమపువ్వు, గ్లాడియోలస్ దీనికి చుట్టాలే. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా వేడి దేశాల మొక్క కనుక కశ్మీరు ఐరిస్‌లా చలికాలం కోసం ఎదురుచూడదు. బెంగళూరు చలి దీన్నేమీ చెయ్యదు, ఆ నెలల్లో నీళ్లు కొంచెం తగ్గిస్తే చాలు. ఇబ్బందల్లా మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండతోనే. ఆకుల కొసలు మాడిపోతాయి. తూర్పు వైపు బాల్కనీ ఉంది కదా, అక్కడ పెట్టు. పొద్దుటి ఎండ తగిలి, ఆ తర్వాత వెలుతురున్న నీడ ఉంటే హాయిగా పెరుగుతుంది.

పువ్వు రాలేదని ఎరువు మీద ఎరువు వేస్తారు చాలామంది. యూరియాకు ఆకులు నిగనిగలాడతాయి, పువ్వు మాత్రం రాదు. చాలాసార్లు అసలు లోటు వెలుతురే. పన్నెండు ఆకులు వస్తేగాని పూయదని కూడా అంటుంటారు. నువ్వు ఆకులు లెక్కపెడుతూ కూర్చోకు, మొక్క ముదరాలి, అంతే. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొంచెం ఇసుక కలిపితే సరిపోతుంది. పైమట్టి ఆరిందని వేలు పెట్టి చూశాకే నీళ్లు పొయ్యి. కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవనిచ్చావంటే దుంప కుళ్లుతుంది. మీ అపార్టుమెంటులో బోరు నీళ్లేనంటున్నావు, కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వాన పడ్డప్పుడు ఒక బకెట్టు బయట పెట్టుకో.

ఆకులు కలిసే చోట దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీళ్లకు ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లు. వానాకాలంలో నత్తలు వస్తాయి, రాత్రి టార్చి వేసి ఏరెయ్యడమే.

మీ ఆడపడుచు కూడా ఒకటి కావాలంటోంది కదా, కొనడం దేనికి, పిల్ల వేరు పట్టాక ఇవ్వు. అంతవరకు ఆగలేనంటే లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీలకు వెళ్లమను. పొద్దున్నే వెళ్లి, పువ్వు విచ్చి ఉన్న కుండీనే తీసుకోమను. తెలుపు, నీలం పూల వాకింగ్ ఐరిస్ ఒకటుంది, ఆకులు చూస్తే అచ్చం ఇలాగే ఉంటాయి. వట్టి ఆకులు చూసి కొంటే ఏది చేతికొస్తుందో అమ్మేవాడికే తెలియదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ