జాంబియా ఫుట్‌బాల్ జట్టు చరిత్రలో 1993, 2012 సంవత్సరాలను ఎందుకు కలిపి ప్రస్తావిస్తారు?

ఆ రెండింటినీ కలిపేది గబాన్ రాజధాని లిబ్రవిల్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇటలీని 4–0తో ఓడించిన తరానికి చెందిన కొందరితో, ప్రపంచకప్ అర్హత మ్యాచ్ కోసం సెనెగల్ బయలుదేరిన జట్టు విమానం 1993 ఏప్రిల్ 27న ఆ నగర తీరానికి సమీపంలో సముద్రంలో కూలిపోగా, 18 మంది ఆటగాళ్లు సహా అందులోని 30 మందీ మరణించారు. నెదర్లాండ్స్‌లో ఆడుతున్న కలూషా బ్వాల్యా విడిగా రావలసి ఉండటంతో ప్రాణాలతో మిగిలారు. ఆయన చుట్టూ కొత్తగా కూర్చిన జట్టు మరుసటి ఏడాదే ఆఫ్రికా కప్ ఫైనల్‌కు చేరి నైజీరియా చేతిలో 1–2తో ఓడింది. నా దృష్టిలో ఆ ఓటమి ఏ విజయానికీ తీసిపోదు. 2012లో అదే లిబ్రవిల్‌లో, ఫైనల్‌కు ముందు సముద్రతీరాన మృతులకు పూలతో నివాళి అర్పించిన జాంబియా కెప్టెన్ క్రిస్టఫర్ కటోంగో బృందం, ఐవరీ కోస్ట్‌ను పెనాల్టీల్లో 8–7తో ఓడించి తొలిసారి కప్పు గెలుచుకుంది.