అనంతగిరి కొండల్లో ఒకరోజు నడక

ప్రశ్న: మేము ఏడుగురం ప్రతి ఆదివారం పార్కులో కలిసి నడుస్తాం. డిసెంబరులో ఒక రోజంతా అనంతగిరి కొండల్లో నడవాలని అనుకుంటున్నాం. మాలో 60 దాటినవారు ఇద్దరున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: చాలా మంచి చోటు ఎంచుకున్నారమ్మా. మూసీ నది పుట్టిన ఈ కొండలు హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వికారాబాదు వరకు రైల్లో వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో అనంత పద్మనాభస్వామి ఆలయానికి చేరుకోవచ్చు. అడవిలోకి వెళ్లే ముందు అటవీ సిబ్బందిని అడిగి, వారు సరేనన్న దారిలోనే నడవండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది నడక వేగం. మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందుంచి, దిట్టమైన మనిషిని చివరన ఉంచితే ఎవరూ వెనకబడిపోరు, తమవల్లే ఆలస్యమవుతోందని పెద్దవారు నొచ్చుకోవలసిన అవసరమూ ఉండదు. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎర్రమట్టి మీది కంకర పాదం కింద దొర్లి మోకాళ్లకు కష్టం కలిగిస్తుంది కనుక వారిద్దరికీ చేతికర్ర తప్పనిసరి. ఉత్తరేణి గింజలు చీర అంచుకు పట్టుకుంటే ఒక పట్టాన వదలవు. చుడీదారు, బూట్లు మేలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. ఆలయం దగ్గర కోతులు ఎక్కువ, పులిహోర పొట్లాలు సంచిలోనే ఉంచండి. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి నాలుగింటికల్లా ఆలయం దగ్గరికి తిరిగి వచ్చేయండి.