డాక్టర్ సలహా: మాట్లాడితే దిగులు తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 22. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియాలో. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రెండుసార్లు రాశాను, రాలేదు. ఆర్నెల్లుగా రాత్రి రెండు దాటితే గానీ నిద్ర పట్టడం లేదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. పది రోజుల కిందట బరంపురంలో డాక్టరు గారు మాత్రలు రాసి, టాక్ థెరపీకి కూడా వెళ్లమన్నారు. మాత్రలతో తగ్గనిది మాటలతో తగ్గుతుందా? అక్కడ చెప్పినవి నాన్నకి చెప్పేస్తారా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. అది తేలకపోతే మీరు అక్కడికి వెళ్లినా నోరు విప్పరు.

చెప్పరు. మీరు మేజరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ సంగతులు గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవారి బాధ్యత. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకి చెప్పాల్సి వస్తుంది. ఆ మాట మంచి థెరపిస్టు మొదటి రోజే చెబుతారు. నేనైతే పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రిని పది నిమిషాలు మాట్లాడనిచ్చి, బయట బెంచీ మీద కూర్చోమంటాను. పోయేటప్పుడు 'ఏమంది సార్?' అని మెల్లగా అడుగుతారు. 'అమ్మాయినే అడగండి' అంటాను. కొందరికి కోపం వస్తుంది. రానీ.

ఇక మాటల సంగతి. థెరపీ అంటే ధైర్యం చెప్పడం కాదు. ఆ పని మీ మేనత్తలూ పిన్నులూ ఇప్పటికే చేసి ఉంటారు. ఒక ఉదాహరణ చెబుతాను, వివరాలు మార్చాను. ఒకమ్మాయి వచ్చి 'నేనెందుకూ పనికిరాను' అంది. ఎప్పుడనిపించింది అని అడిగాను. 'ఎప్పుడూ.' పోనీ, నిన్న? తవ్వగా తవ్వగా తేలిందేమిటంటే, సాయంత్రం ఆరున్నరకి వాట్సాప్‌లో స్నేహితురాలు మెడలో ఆఫీసు ఐడీ కార్డుతో ఫొటో పెట్టింది. ఈమె ఫోను బోర్లా పెట్టేసి, అన్నం మానేసి పడుకుంది. పొద్దున్నే వాళ్లమ్మ 'ఒంట్లో బాగోలేదా' అంటే గయ్‌మని అరిచింది. 'చూశారా, నేను మంచిదాన్ని కూడా కాదు' అని దాన్నే నాకు రుజువుగా చూపించింది.

'ఎప్పుడూ' అన్నది నిజానికి ఒక ఫొటో, ఒక పస్తు, ఒక అరుపు. ఈ గొలుసు కాగితం మీద రాయించాం. ఆ వారానికి ఇచ్చిన పని ఒక్కటే: ఎలా అనిపించినా రాత్రి అన్నం మానకూడదు. వినడానికి అల్పంగానే ఉంటుంది. మనసు కుంగినవాళ్లకి తమ గురించి చెడ్డ ఆలోచనలు వాటంతటవే వచ్చిపడుతుంటాయనీ, వాటిని పట్టుకుని పరీక్షించవచ్చనీ 1960ల్లో అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ చూపించారు. మేం చేసేది చాలావరకు ఆ దారిలోనే.

వారానికోసారి, 45 నుంచి 50 నిమిషాలు. మొదటి రెండు మూడుసార్లు పెద్దగా తేడా తెలియదు, ఇంటికెళ్లాక మనసు ఇంకా బరువెక్కవచ్చు కూడా. అప్పుడే మానేయకండి. ఐదారుసార్లు వెళ్లాక కూడా ఆ మనిషి దగ్గర మాట పెగలకపోతే, ఆ సంగతి వాళ్లకే చెప్పి మరొకరిని చూసుకోండి. అందులో తప్పేం లేదు.

భాష గురించి మీరు అడగలేదు గానీ నేను చెబుతాను. చదువు ఒడియాలో సాగినా, 'ఏటైపోతానో' అన్న గుబులు మీకు తెలుగులోనే వస్తుంటుంది. కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాషలో మాట్లాడగలిగితే పని తొందరగా అవుతుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుక మాట విలువ మీకు నేను చెప్పాలా! బరంపురంలో తెలుగు వచ్చినవాళ్లున్నారేమో అడగండి. లేకపోతే శ్రీకాకుళంలోనో విశాఖలోనో మొదట నేరుగా కలిసి, తర్వాత వీడియో కాల్‌లో కొనసాగించవచ్చు. ప్రతి వారం సగం రోజు బస్సులో గడపక్కర్లేదు. ఎవరి దగ్గరికి వెళ్లినా సైకియాట్రిస్టా, లేక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా అని అడిగి తెలుసుకోండి. 'కౌన్సెలర్' అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు.

మాత్రలతో తగ్గలేదని అప్పుడే తేల్చేయకండి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మీరు మొదలుపెట్టి పది రోజులే. మీ అంతట మీరు ఆపొద్దు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారా? మీరు రాయలేదు. చేయించకపోతే ఈ వారమే చేయించండి, ఆ రెండూ తేడాగా ఉన్నా నీరసం, దిగులు వస్తాయి.

రాత్రి రెండింటికి 'బతికి ఏం లాభం' అనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఇంట్లో ఒకరిని లేపండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.