పాత సైడు డ్రమ్ముకి ముందే పాలిష్ పెట్టించకండి

దేవరకొండ దగ్గర మీ తాతగారి ఇంట్లో అటక మీద డ్రమ్ము దొరికిందని రాశారు. షెల్, అంటే డ్రమ్ము గుండ్రటి ఒళ్లు, ఇత్తడిది, పైతోలు చినిగింది, అడుగు తోలుకు ఆనించి కట్టే తీగలు సగం తెగాయి, పేరెక్కడా కనిపించట్లేదు. ఏ కంపెనీదో తెలుసుకుని మళ్లీ మోగించాలని మీ కోరిక. తప్పకుండా మోగుతుంది. మా నాన్న మిర్యాలగూడలో బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము వాయించేవారు. ఆయన పోయాక ఆ డ్రమ్మును నేనే బాగు చేశాను. అందులో చేసిన తప్పు ముందు చెబుతాను.

కొత్తదానిలా మెరవాలని ఒక షాపులో బఫింగ్, అంటే మెషిన్ పాలిష్, చేయించాను. గాలి రంధ్రం పక్కన షెల్ మీద చెక్కిన అక్షరాలుండేవి, సగం అరిగినా చదవగలిగేవే. మెషిన్ కింద అవి మొత్తం పోయాయి. అది ఎక్కడ తయారైందో చెప్పేవి ఆ అక్షరాలొక్కటే. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ముందు తడిగుడ్డతో దుమ్ము మాత్రం తుడవండి. గాలి రంధ్రం చుట్టూ, తీగలు బిగించే లివర్ మీద, టార్చి వేసి షెల్ లోపలా అక్షరాల కోసం వెతకండి. ఇంగ్లండులో 1922లో మొదలైన ప్రీమియర్ కంపెనీ డ్రమ్ము కావచ్చు. మీరట్‌లో జలీ కోఠీ బ్యాండు వాయిద్యాలకు పేరున్న చోటు, అక్కడిదీ కావచ్చు. మీరట్‌ది అయితే తక్కువని అనుకోకండి, పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న సరుకు అది. ఇత్తడేనా అన్నది అయస్కాంతంతో చూడండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే ఇత్తడి లేదా అల్యూమినియం, ఆ తేడా బరువే చెబుతుంది. ప్లాస్టిక్ తోళ్లు 1950ల చివర్లో వచ్చాయి. కానీ ఆ తర్వాత కూడా జంతువు తోలు వాడారు కాబట్టి తోలును చూసి వయసు కట్టకండి.

విప్పే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. బిగిసిన బోల్టును బలవంతంగా తిప్పకండి, మర చెడితే అలాంటిది దొరకడం కష్టం. కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. లగ్గుల (షెల్ మీద బోల్టులు పట్టే దిమ్మల) లోపల స్ప్రింగులుంటే కాస్త దూది కుక్కండి, వాయించేటప్పుడు గరగర రాదు. చింతపండుతో తోమడం ఉత్త ఇత్తడికే. మెరుపు పూత ఉన్నచోట వద్దు.

అడుగు అంచులో ఎదురెదురుగా రెండు చోట్ల కాస్త పల్లం కనిపిస్తుంది. తీగలు తోలుకు అతుక్కుని కూర్చోవడానికి కావాలని చేసినవి అవి. మా దగ్గర మేస్త్రీ వాటిని సొట్టలనుకుని సరిచేయబోయాడు, సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది. పై అంచు సమంగా ఉందా అన్నది చీకటి గదిలో చూడండి: డ్రమ్మును అద్దం మీద బోర్లించి లోపల టార్చి పెడితే, ఎక్కడ వెలుగు కారితే అక్కడ ఎత్తుపల్లం ఉన్నట్టు.

తోలు కొనే ముందు షెల్ వ్యాసం టేపుతో కొలవండి. ఎక్కువగా 14 అంగుళాలే ఉంటుంది, కానీ కొన్ని పాత డ్రమ్ములు ఇప్పటి తోలుకి కాస్త పెద్దవి. అడుగుకి వేరే పల్చటి తోలు అడగండి. పైతోలే అడుగున వేస్తే తీగలు పలకవు. తీగల సెట్ మామూలుగా 20 పోగులది. బోల్టులు ఎదురెదురుగా అరచుట్టు చొప్పున బిగించండి, ఒకవైపు నుంచి వరసగా వద్దు.

జంతువు తోలే వేయించుకుంటే మన వాతావరణం గుర్తుంచుకోండి. డప్పును మంట దగ్గర కాచినట్టే, నల్లగొండ ఎండలకు ఆ తోలు దానంతటదే బిగుస్తుంది. ఎండాకాలం వాయించాక బోల్టులు కాస్త వదులు చేయకపోతే పగలొచ్చు. వానల్లో వదులవుతుంది, అప్పుడు బిగించాలి.

అడుగు వైపు ఒకటి, తీగలు బిగించే లివర్ దగ్గర ఒకటి ఫోటోలు పెట్టండి. చుట్టూ ఎన్ని బోల్టులున్నాయో కూడా రాయండి, చూసి చెబుతాను.