ప్రశ్నార్థకాన్ని ఆఖరికి వదలొద్దు

చిన్నమ్మీ,

నువ్వు హ్యామ్ రేడియో, అదే సరదాకి సొంత వైర్‌లెస్ నడుపుకునే లైసెన్సు పరీక్ష రాస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసు మూసేసినప్పుడు, ఇక చుక్కలు, గీతలుగా మాటలు పంపే ఈ మోర్స్ విద్య మన ఇంట్లో నాతోనే సరి అనుకున్నాను. సంతోషం పట్టలేకపోయాను తల్లీ. కానీ "అక్షరాలు, అంకెలు వచ్చేశాయంట, కామాలు గీమాలు పరీక్ష ముందు చూసుకుంటుందంట" అన్నాడు. అక్కడ పట్టుకుంది నాకు టెన్షన్.

గీత అంటే మూడు చుక్కలంత సేపు. అక్షరాల మధ్య మూడు చుక్కలంత ఖాళీ, మాటల మధ్య ఏడు. రోజూ అరగంట విను. ఇవి నీకు తెలిసినవే.

1978లో గుత్తి టెలిగ్రాఫ్ ఆఫీసులో నైట్ డ్యూటీలో ఉన్నాను. మిలిటరీలో పనిచేసే ఒకబ్బాయి తనున్న చోటి నుంచి ఇక్కడి వాళ్లమ్మకు టెలిగ్రాం ఇచ్చాడు. భార్య కాన్పుకు రమ్మని ముందే జాబు రాశాడట. ఇప్పుడు అడిగింది ఒక్కటే, "కమింగ్ మండే", వెనక ప్రశ్నార్థకం. రెండు చుక్కలు, రెండు గీతలు, రెండు చుక్కలు. సరిగా వినబడకపోతే "మళ్లీ కొట్టు" అని అడగడానికీ ఇదే గుర్తు. అవతలి ఆఫీసులో కొట్టేవాడు నాతో ఏదో అంటున్నాడనుకున్నాను గానీ, అది టెలిగ్రాంలో భాగమని తట్టలేదు. తిరిగి కొట్టి సరిచూసుకోవాల్సింది. నిద్రమత్తులో వదిలేశాను. ఫారం మీద "కమింగ్ మండే" అని మాత్రమే రాశాను.

మంగళవారం పొద్దున ఆ తల్లి ఆఫీసుకు వచ్చింది. కొంగుముడి విప్పి కాగితం తీసింది. ఎనిమిది మడతలు, చెమటకు సిరా అలుక్కుపోయింది. "నా కొడుకు బండి దిగలేదు సారూ, ఏమన్నా అయిందేమో కనుక్కో" అంది. ముందురోజంతా స్టేషన్లోనే కూర్చుందట. నా డబ్బుతో టెలిగ్రాం ఇచ్చి కనుక్కుంటే, అక్కడ వాడూ అమ్మ కోసం ప్లాట్‌ఫారం మీద ఎదురుచూశాడని తెలిసింది. తప్పు నాదేనని ఆమెకు చెప్పాను. ఆమె కొడుక్కని తెచ్చిన ఓళిగల డబ్బా తెరిచి నా ముందు పెట్టింది. "తిను నాయనా, రాత్రంతా మేలుకున్నట్టున్నావు" అంది. నాకు గొంతు దిగలేదు.

అందుకే నిన్ను కసురుకుంటున్నాను. ప్రశ్నార్థకంలో చుక్కలను గీతలు, గీతలను చుక్కలు చేస్తే కామా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చెవికి పట్టించు. నెట్లో దొరికిన ఏదో పాత పట్టికను పట్టుకోవద్దు. 1930ల దాకా చుక్క–గీత మూడుసార్లు కొడితే కామా, ఫుల్‌స్టాపేమో ఆరు చుక్కలు. ఇప్పుడు ఆ చుక్క–గీత మూడుసార్లే ఫుల్‌స్టాప్. నాకు పని నేర్పిన పెద్దాయన పుస్తకంలో పాత గుర్తులే ఉండేవి, ఆయన ఎర్ర సిరాతో దిద్దుకున్నాడు. అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ పట్టికనే నమ్ముకో. ఈమెయిల్లో రాసే 'ఎట్' గుర్తు 2004లో అందులో చేరింది, ఏ, సీ విడదీయకుండా కలిపి కొట్టాలి. ఆశ్చర్యార్థకం ఆ పట్టికలో లేదు, హ్యామ్‌లు తమలో తాము ఒకటి వాడుకుంటారు. తప్పు కొడితే కంగారుపడకు, ఎనిమిది చుక్కలు కొట్టి మళ్లీ మొదలుపెట్టు.

ఆదివారం అనంతపురం బస్సెక్కు. మోర్స్ కొట్టే నా ఇత్తడి కీ చింతపండుతో తోమి పెట్టాను. నేను కొడతాను, నువ్వు రాసుకో. మీ అవ్వ ఓళిగలకు బేడలు తెప్పించింది. వస్తున్నావా?

మీ అబ్బ