కోట లోపలికని చెప్పి పార్కింగ్ నుంచే చూపించారు: డబ్బు తిరిగి అడగవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. గత జూన్‌లో అమ్మను తీసుకుని సౌతాంప్టన్ నుంచి క్రూజ్‌లో వెళ్లాను. ఇద్దరికీ కలిపి హైదరాబాద్ ట్రావెల్ ఏజెన్సీకి 4,60,000 రూపాయలు కట్టాం. అందులో స్కాట్లండ్‌లోని ఇన్వర్‌గోర్డన్ రేవులో దిగి, లాక్ నెస్ సరస్సు ఒడ్డున ఉన్న అర్కర్ట్ కోట చూసొచ్చే టూరు కూడా ఉంది. బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. కోట పైనున్న పార్కింగ్‌లో పావుగంట ఆపి, ఓడకు టైమైపోతోందని వెనక్కి తెచ్చేశారు. ఓడవాళ్లు తప్పు బస్సు కంపెనీదంటున్నారు. ఏజెన్సీవాళ్లు ‘మేం మధ్యవర్తులమే’ అంటున్నారు. కేసు వేయాలంటే స్కాట్లండ్ వెళ్లాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం, ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు.

ముందు ఆ టూరు టికెట్ బయటికి తీయండి. మీ బలమంతా అందులోని ఒక్క మాటలో ఉంది. ఈ కోట టూర్లు రెండు రకాలుగా అమ్ముతారు. ఒకదానిలో పడవ కోట పక్కనుంచి సాగిపోతుంది, గోడలు నీళ్ల మీంచి చూడటమే. రెండోదానిలో ప్రవేశ టికెట్ ఉంటుంది. వాలు దిగి, శిథిలాల మధ్య తిరిగి, గ్రాంట్ టవర్ ఎక్కవచ్చు. మీ కాగితంలో ‘ఫొటో స్టాప్’ అని మాత్రమే ఉంటే కేసు నిలవడం కష్టం. ప్రవేశం కలిపే అని ఉంటే మాత్రం అది సెక్షన్ 2(11) కింద స్పష్టమైన సేవాలోపం. ‘కోట కనిపించింది కదా’ అని అవతలి లాయరు తప్పకుండా అంటారు. 1692లో సైనికులు ఖాళీ చేసి పోతూ, మరొకరికి పనికిరాకుండా పేల్చేసిన కోట అది. మిగిలిన ఆ గోడల మధ్య నడవడానికే జనం అంత దూరం వెళ్తారు. పార్కింగ్‌లోంచి చూడటం దానికి బదులు కాదని గట్టిగా చెప్పండి.

ఏజెన్సీని మొదటి ప్రతివాదిగా, ఓడ కంపెనీని రెండో ప్రతివాదిగా పెట్టండి. ఇన్‌వాయిస్ ఎవరి పేరున ఉందో చూడండి. టూరుతో సహా మొత్తం తన పేరున బిల్లు చేసి డబ్బు తీసుకున్న ఏజెన్సీ, మధ్యవర్తినంటూ తప్పించుకోవడం తేలిక కాదు. వివాదాలు ఫలానా విదేశీ కోర్టులోనే తేల్చుకోవాలన్న షరతును ఓడ కంపెనీ చూపిస్తుంది. మన వినియోగదారుల చట్టం ఇతర చట్టాలకు అదనమని దాని సెక్షన్ 100 చెబుతోంది కాబట్టి, ఆ షరతు ఉన్నా ఇక్కడ కేసు వేయవచ్చని వాదించవచ్చు. కానీ ఇక్కడ ఆఫీసు లేని కంపెనీ నుంచి డబ్బు రాబట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఏజెన్సీని ముందు పెట్టమంటున్నది అందుకే.

ముందురోజు రాత్రి క్యాబిన్‌లో పెట్టిన కార్యక్రమం కాగితం ఉందా? బస్సు బయల్దేరాల్సిన సమయం అందులో ఉంటుంది. పార్కింగ్‌లో తీసిన ఫొటోలు ఫోన్‌లోంచి చెరిపేయకండి, వాటి సమయమే సాక్ష్యం. ప్రింట్లతో పాటు, ఫోన్ ఫొటోల్లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి.

మొత్తం 4,60,000 అడగొద్దు. ఓడలో ఉన్నారు, భోజనం చేశారు. టూరు ధర, మీ అమ్మగారు పడిన మనోవేదనకు పరిహారం, ఖర్చులు అడగండి. అడిగింది న్యాయంగా ఉంటే కమిషన్ శ్రద్ధగా వింటుంది.

గడువు సంఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు (సెక్షన్ 69). ఈ వారమే ఏజెన్సీకి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచండి. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక అయిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.