22 నెలల బాబుకి మాటలు తక్కువ, "వద్దు" ఎక్కువ: మావాడి సంగతి చెప్తాను

బాబు పది మాటలే పలుకుతున్నాడని, అన్నిటికీ "వద్దు" అని మొండికేస్తున్నాడని, మీ అత్తగారు పక్కింటి పాపతో పోలుస్తున్నారని రాశారు కదండీ. ముందు ఆ పోలిక వదిలెయ్యండి.

మాది అమలాపురం దగ్గర, ఇంటి ముందే పంట కాలువ. మావాడికీ ఆ వయసులో పట్టుమని పది మాటలు లేవు. కానీ కాలువలో బాతులు కనపడితే నా కుచ్చెళ్లు లాగి, వేలు పెట్టి చూపించి, మళ్లీ నా మొహంలోకి చూసేవాడు, నేనూ చూశానా లేదా అని. ఆ చూపు చాలా ముఖ్యమండీ. మీ బాబు అలా చూపిస్తున్నాడా, పిలిస్తే తిరుగుతున్నాడా, "చెంబు తే" అంటే తెస్తున్నాడా గమనించండి.

రెండేళ్లు నిండేసరికి "అమ్మా దా" అని రెండు మాటలు కలపాలి. కలపకపోతే "మగపిల్లలకి ఆలస్యమేలే" అని ఊరుకోవద్దు, ముందు చెవులు పరీక్ష చేయించండి, చెవిలో నీరు చేరినా మాట ఆలస్యం కావచ్చు. అంగన్‌వాడీకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందం ఉచితంగానే చూస్తుంది. పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. రెండేళ్లలోపు ఫోన్, టీవీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

"వద్దు" గురించి భయం లేదు, తనకంటూ ఒక ఇష్టం ఉందని ఇప్పుడే తెలుస్తోంది వాడికి. "తింటావా" అనకుండా "పప్పన్నమా, పెరుగన్నమా" అని అడిగి, గిన్నె వాడి చేతికే ఇవ్వండి. కింద పోస్తే పోయనివ్వండి.